తోర్ఖం తాళం

2021లో వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, అంటే కాబూల్ తాలిబన్ల వశమైన నాలుగు రోజులకు, ఎండుఫలాలు కొనడానికి బేగంబజార్‌కు వెళ్లాను. కిందటి వారం చెప్పిన ధరకు అంజీర్ ఇవ్వనని దుకాణదారు ఖరాఖండిగా చెప్పి, కిలోకు రెండు వందలు పైన వేశాడు. పండగ పూట ధర పెంచడం బజారుకు అలవాటేనని నేను గొణిగితే, ఆయన గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి, 'మాల్ ఉంది సార్, రాస్తా బంద్ అయింది' అన్నాడు. పక్కనే ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ముడి ఇంగువ ముద్ద ఒకటి ఉంది. మైనంలా మెత్తగా, వేలికి అంటుకుంటే సాయంత్రం దాకా వాసన వదలని సరుకు. పిండీ జిగురూ కలిపి డబ్బాల్లోకి ఎక్కించడం మన దేశంలో జరిగే పనే గాని, మన పులిహోరకు ఆ ఘాటునిచ్చే ముడిసరుకులో చాలా భాగం అఫ్గాన్ కొండల నుంచే వస్తుంది. దానికీ అప్పట్లో అదే దారి, పాకిస్థాన్ సరిహద్దులోని తోర్ఖం గేటు.

ఆ వారమంతా టీవీల్లో కాబూల్ విమానాశ్రయమే. కదులుతున్న విమానం వెంట పరుగెత్తే మనుషులను చూస్తూ స్టూడియోల్లో పెద్దలు ఒకే ప్రశ్న వేసుకున్నారు: కాగితం మీద మూడు లక్షలమంది ఉన్న సైన్యం పది రోజుల్లో ఎలా కరిగిపోయింది? అవినీతి అన్నారు, తెగల సమాజం అన్నారు, సామ్రాజ్యాల శ్మశానం అనే అరిగిపోయిన మాట కూడా అన్నారు. నాకు మాత్రం అప్పటినుంచీ దుకాణదారు మాటే నిజానికి దగ్గరగా కనిపిస్తోంది. ఇరవై ఏళ్ల ఆ యుద్ధంలో అమెరికా తీసుకున్న నిర్ణయాలన్నిటిలోనూ ఎక్కువ నష్టం చేసింది, తన సైన్యానికి తిండీ ఇంధనమూ చేరవేసే దారిని పాకిస్థాన్ చేతిలో పెట్టడం, ఆపైన ఆ దారి ఎంత బరువు మోయగలదో చూసుకోకుండా సైన్యాన్ని పెంచుకుంటూ పోవడం అని నా అభిప్రాయం.

పటం ఒకసారి చూడాలి. అఫ్గానిస్థాన్‌కు సముద్రం లేదు. చుట్టూ ఆరు దేశాలున్నాయి. వాటిలో చైనాతో ఉన్న సరిహద్దు వఖాన్ అనే సన్నటి కొండ పట్టీ చివర ఉంది. లారీలు వరసకట్టి నడిచే బాట అక్కడ లేదు. ఉత్తరాన ఉన్న తుర్క్‌మెనిస్థాన్, ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్‌లకే మహాసముద్రపు ఒడ్డు లేదు. అటునుంచి రావాలంటే రష్యానో, కాస్పియన్ సముద్రాన్నో దాటాలి. ఇక ఓడరేవు నుంచి తిన్నగా లోపలికి వచ్చే తలుపులు రెండే. ఒకటి ఇరాన్ వైపు చాబహార్, బందర్ అబ్బాస్. రెండోది పాకిస్థాన్ వైపు కరాచీ. కరాచీలో దిగిన సరుకు పెషావర్ మీదుగా ఖైబర్ కనుమ ఎక్కి తోర్ఖం గేటు దగ్గరైనా సరిహద్దు దాటాలి, క్వెట్టా మీదుగా వెళ్లి చమన్ దగ్గరైనా దాటాలి.

ఇరాన్ తలుపును అమెరికా తన చేత్తోనే మూసింది. ఈ ముక్కను మన పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు గనుక కొంచెం ఆగి చెప్పాలి. తాలిబన్లంటే ఇరాన్‌కు అప్పటికే పడదు. 1998లో మజారె షరీఫ్ పట్టణం తాలిబన్లకు చిక్కినప్పుడు అక్కడి ఇరాన్ దౌత్యకార్యాలయ సిబ్బందిని కాల్చి చంపారు, రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. 2001 డిసెంబరులో జర్మనీలోని బాన్ నగరంలో కొత్త అఫ్గాన్ ప్రభుత్వాన్ని కూర్చే చర్చలు జరిగినప్పుడు ఇరాన్ ప్రతినిధి జవాద్ జరీఫ్, తాలిబన్లతో పోరాడిన ఉత్తర కూటమి నాయకులను ఒప్పించడంలో తమకు తోడ్పడ్డాడని అమెరికా దూత జేమ్స్ డాబిన్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. సరిగ్గా రెండు నెలలు తిరక్కుండా, 2002 జనవరి 29న అధ్యక్షుడు బుష్ తన వార్షిక ప్రసంగంలో ఇరాక్, ఉత్తర కొరియాలతో కలిపి ఇరాన్‌నూ దుష్ట కూటమిలో చేర్చాడు. అమెరికా సైనిక సామగ్రి ఇరాన్ రోడ్ల మీద నడుస్తుందని కలలో కూడా ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోను. కాని అఫ్గాన్ ప్రజల గోధుమలు, సిమెంటు, పెట్రోలు అటునుంచి ధారాళంగా వచ్చే వీలు కల్పించి ఉంటే కాబూల్ ప్రభుత్వానికి ఊపిరి తీసుకోవడానికి రెండో ముక్కుపుటం ఉండేది.

అయినా తప్పంతా భూగోళం మీదికి నెట్టడం న్యాయం కాదు. 2001 అక్టోబరు 7న బాంబుదాడులు మొదలయ్యాయి; నవంబరు 13కల్లా కాబూల్, డిసెంబరు 7కల్లా కాందహార్ తాలిబన్ల చేజారాయి. కాబూల్ పడిపోయే నాటికి అఫ్గాన్ నేల మీద ఉన్న అమెరికన్లు కొన్ని వందలమంది మాత్రమే: సీఐఏ మనుషులు, ప్రత్యేక దళాల సైనికులు. నేల మీద పోరాటం ఉత్తర కూటమిది, ఆకాశం అమెరికాది. ఉజ్బెకిస్థాన్‌లోని కర్షీ ఖానాబాద్ స్థావరం నుంచి విమానాల్లో వచ్చిన సామగ్రి ఆ కొద్దిమందికీ సరిపోయింది. కరాచీ నుంచి లారీల బారులు కదలాల్సిన అవసరం అప్పట్లో రాలేదు. చిన్న యుద్ధానికి కాలిబాట చాలు, పెద్ద యుద్ధానికి రాజమార్గం కావాలి, ఆ రాజమార్గం మరొకడి పొలంలోంచి పోతోంది. పొలం గట్ల తగాదాలు తెలిసిన ఏ రైతునడిగినా ఇలాంటి దారి ఎటు దారితీస్తుందో చెప్పగలడు. దారి హక్కు ఎవరిదో వాడికి ఏటా ఏదో ఒకటి సమర్పించుకోవాలి, వాడి పశువులు మన చేలో పడ్డా నోరు మూసుకోవాలి.

ముషారఫ్‌తో బేరం 2001 సెప్టెంబరులోనే కుదిరింది. గగనతలం, స్థావరాలు, రవాణా దారులు పాకిస్థాన్ ఇస్తుంది. దానికయ్యే ఖర్చును అమెరికా తిరిగి చెల్లిస్తుంది. సంకీర్ణ సహాయ నిధి అనే పేరుతో బిల్లులు పెట్టి వసూలు చేసుకునే ఏర్పాటు ఇది. దీని కింద ఏళ్ల తరబడి చేరిన సొమ్ము 1,400 కోట్ల డాలర్లకు పైమాటే. 2004లో నాటోకు వెలుపలి ముఖ్య మిత్రదేశం అనే హోదా కూడా దక్కింది. ఇటు ఇది నడుస్తుండగానే అటు తాలిబన్ నాయకత్వం క్వెట్టాలో సర్దుకుంది, తాలిబన్లతో కలిసి పోరాడే హక్కానీ ముఠా పాకిస్థాన్‌లోనే ఉత్తర వజీరిస్థాన్‌లోని మీరాన్‌షా చుట్టుపక్కల కొలువుదీరింది.

పాకిస్థాన్‌ను తిట్టడం మనకు తేలిక, అలవాటు కూడా. కాని ఇస్లామాబాద్‌లో కూర్చుని చూస్తే ఆ లెక్కకు ఒక తర్కం ఉంది. 1893లో బ్రిటిష్‌వారు గీసిన డ్యూరాండ్ రేఖను ఏ అఫ్గాన్ ప్రభుత్వమూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. తూర్పున భారత్, పడమట భారత్‌కు దగ్గరైన కాబూల్: ఈ రెంటి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉండడం పాక్ సైన్యానికి పీడకల. అమెరికా ఏదో ఒకరోజు వెళ్లిపోతుంది, అఫ్గానిస్థాన్ పక్కనే ఉంటుంది, అప్పుడు తాలిబన్లు అక్కరకొస్తారు. తన మేలు తాను చూసుకున్న దేశాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ సంగతి తెలిసీ బిల్లులు చెల్లించినవాడి తెలివినే ప్రశ్నించాలి. తెలియదనడానికి వీల్లేదు: 2011 సెప్టెంబరులో అమెరికా సంయుక్త దళాధిపతి అడ్మిరల్ మల్లెన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, హక్కానీ ముఠా పాక్ గూఢచారి సంస్థ ఐఎస్ఐకి చేయిలాంటిదని బాహాటంగా చెప్పాడు. కంచే చేను మేస్తోందని యజమానే సాక్ష్యం చెప్పి, మర్నాడు కంచెకు కూలీ ఇచ్చిన చిత్రమిది.

ఎందుకిచ్చాడన్నదానికి జవాబు 2009లో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 1న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ఒబామా మరో 30 వేలమందిని పంపుతున్నానని ప్రకటించాడు. అదే ప్రసంగంలో 2011 జూలై నుంచి వెనక్కి తేవడం మొదలుపెడతానని కూడా చెప్పాడు. 2002లో పది వేలకు లోపున్న సైన్యం 2011కల్లా దాదాపు లక్షకు చేరింది. మిత్రదేశాల సైన్యం దీనికి అదనం. లక్షమందికి అన్నం, నీళ్లు, గుడారాలు, ఏసీలు, వాటన్నిటినీ నడిపే డీజిల్ కావాలి. అందులో చాలా భాగం కరాచీలో దిగాలి.

ఒక్క లారీ ప్రయాణం చూస్తే ఆ యుద్ధపు అసలు స్వరూపం అర్థమవుతుంది. ఒళ్లంతా పువ్వులు, నెమళ్లు, కవితలు రాయించుకుని, బంపరుకు గొలుసులు వేలాడదీసుకుని గలగలమంటూ పోయే ఆ లారీలకు అమెరికన్ సైనికులు జింగిల్ ట్రక్కులని పేరు పెట్టారు. కరాచీలో కంటైనర్ ఎక్కించుకున్న డ్రైవరు రోజుల తరబడి నడిపి ఖైబర్ చేరతాడు. తోర్ఖంలో వరస కదలకపోతే లారీ కిందే గొంగళి పరుచుకుని పడుకుంటాడు. గేటు దాటాక కష్టం తీరదు, రూపం మారుతుంది. కాబూల్ నుంచి దక్షిణానికి పోవాలంటే కాపలా కావాలి. కాపలా కాసే ప్రైవేటు దళం ఒక స్థానిక దండనాయకుడిది. వాడికి లారీకింత అని ముట్టాలి. వాడు తన వాటా ఉంచుకుని, దాడి చేయకుండా ఉండేందుకు ముందున్న లోయలోని తాలిబన్ కమాండరుకు కొంత పంపుతాడు. మన చెక్‌పోస్టుల దగ్గర లారీవాళ్లు ఇచ్చే మామూళ్ల వంటివే ఇవి. తేడా అల్లా, ఆ మామూలుతో కొన్న తుపాకీ మర్నాడు ఆ సరుకు చేరాల్సిన సైనికుడి మీదికే గురిపెట్టేవారు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన కథ కాదు. అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఒకటి 2010 జూన్‌లో 216 కోట్ల డాలర్ల రవాణా కాంట్రాక్టు మీద విచారణ జరిపి, రక్షణ సొమ్ము పేరుతో దండనాయకులకూ, వారి ద్వారా తిరుగుబాటుదారులకూ డబ్బు చేరుతోందని నివేదిక రాసింది. మారుమూల శిబిరం దాకా చేరేసరికి ఒక గ్యాలన్ ఇంధనం ఖర్చు 400 డాలర్ల దాకా పడుతోందని పెంటగాన్ అధికారులే అంతకుముందు ఏడాది చట్టసభకు చెప్పారు. సైన్యం పెరిగినకొద్దీ శత్రువు ఆదాయం పెరిగే యుద్ధాన్ని నేను మరెక్కడా చదవలేదు.

గేటు తాళం ఎవరి దగ్గరుందో 2010 సెప్టెంబరు 30న మొదటిసారి గట్టిగా తెలిసింది. నాటో హెలికాప్టర్ల దాడిలో పాక్ సరిహద్దు జవాన్లు చనిపోవడంతో తోర్ఖం మూసేశారు. పది రోజులపాటు ఆయిల్ ట్యాంకర్లు రోడ్ల పక్కన బారులు తీరి నిలబడ్డాయి, నిలబడిన చోటల్లా తగలబడ్డాయి. అది మచ్చు మాత్రమే. 2011 మే 2న అబోటాబాద్‌లో, పాక్ సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో బిన్ లాడెన్ దొరికాడు. సెప్టెంబరులో మల్లెన్ సాక్ష్యం. నవంబరు 26న సలాలా సరిహద్దు చౌకీల మీద నాటో దాడిలో 24మంది పాక్ సైనికులు చనిపోయారు; ఆ రోజే రెండు గేట్లకూ తాళం పడింది. ఏడు నెలలు తెరవలేదు. లారీకి 250 డాలర్లున్న రుసుమును 5,000 డాలర్లకు పెంచాలని పాకిస్థాన్ బేరం పెట్టింది. చివరికి 2012 జూలై 3న విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, పాక్ మంత్రి హీనా రబ్బానీ ఖర్‌కు ఫోన్ చేసి, సైనికుల మృతికి విచారం తెలిపాకే లారీలు కదిలాయి. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం ఒక గేటు ముందు ఏడు నెలలు నిలబడి, క్షమాపణ చెప్పి లోపలికి వెళ్లింది.

ఆ ఏడు నెలలూ సైనికులు పస్తులుండలేదు, నిజమే. ఉత్తరపు దారి ఒకటి 2009 నుంచి సిద్ధమవుతోంది. లాట్వియాలోని రీగా రేవులో సరుకు దించి, రైళ్లలో రష్యా, కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌ల మీదుగా దాదాపు 5 వేల కిలోమీటర్లు లాగి, ఉజ్బెక్ సరిహద్దులోని తిర్మిజ్ వంతెన దాటించి అఫ్గాన్ వైపు హైరతాన్‌లో దింపేవారు. దాని మీద ఆయుధాలు రానివ్వరు. తిండి, ఇంధనం, నిర్మాణ సామగ్రి వరకే అనుమతి. పాక్ దారి మూసి ఉన్నందువల్ల నెలకు 10 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చవుతోందని రక్షణ మంత్రి పనెట్టా చెప్పాడు. పైగా ఆ దారికీ వేరే తాళాలున్నాయి. 2005లో అందిజాన్ పట్టణంలో నిరసనకారుల మీద ప్రభుత్వం జరిపిన కాల్పులను అమెరికా విమర్శించగానే ఉజ్బెకిస్థాన్ కర్షీ ఖానాబాద్ ఖాళీ చేయమంది. 2009లో కిర్గిజ్ అధ్యక్షుడు బకియెవ్ మాస్కో వెళ్లి, భారీ రష్యా సాయం మాట పుచ్చుకుని, అమెరికా అద్దెకు వాడుకుంటున్న మనాస్ స్థావరం మూసేస్తానని అక్కడినుంచే ప్రకటించాడు. తర్వాత అమెరికా అద్దెను 1.74 కోట్ల డాలర్ల నుంచి 6 కోట్లకు పెంచితే మనసు మార్చుకున్నాడు. 2015లో రష్యా తన వైపు దారి మూసేసింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. నా మిత్రుడొకరు, సోవియట్ కాలంలో మాస్కోలో చదువుకున్నవారు, దాన్ని నా ముందు పెట్టారు. 'సోవియట్‌లకు దారి సొంతమే కదా! సరిహద్దు దాటితే అఫ్గానిస్థానే. కాబూల్‌కు ఉత్తరాన కొండల్లో ఉన్న సలాంగ్ సొరంగం కూడా వాళ్లు తవ్విందే. మరి వాళ్లెందుకు ఓడారు?' అన్నారు. నేను చాలా రోజులు ఈ ప్రశ్నతో కుస్తీ పట్టాను. సోవియట్ సైన్యం ఓడిపోవడానికి దానితో పోరాడిన ముజాహిదీన్ల దారి, అంటే పాకిస్థాన్ మీదుగా సీఐఏ సొమ్మూ ఆయుధాలూ పారిన దారి, చివరి దాకా తెరిచి ఉండడం ముఖ్య కారణం. ఒకరి దారి సురక్షితంగా ఉన్నంత మాత్రాన రెండోవారి దారి మూసుకుపోదు. అయితే అసలు గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ దళాధిపతి జనరల్ గ్రోమొవ్ తిర్మిజ్ వంతెన దాటి వెళ్లిపోయాక, వాళ్ల అండతో నిలిచిన నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో కూలుతుందని అమెరికా అంచనా వేసింది. అది మూడేళ్లు నిలబడింది. ఆ మార్చిలో ఐఎస్ఐ దగ్గరుండి నడిపించిన జలాలాబాద్ ముట్టడిని అఫ్గాన్ సైన్యం తానే తిప్పికొట్టింది. కారణం, అదే వంతెన మీదుగా గోధుమలు, డీజిల్, క్షిపణులు వస్తూనే ఉన్నాయి. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై 1992 జనవరిలో సాయం ఆగిపోయింది. ఏప్రిల్‌లో నజీబుల్లా గద్దె దిగాడు. అమెరికా అండతో నిలిచిన అష్రఫ్ ఘనీ ప్రభుత్వమో, 2021లో చివరి అమెరికన్ విమానం లేవడానికి పదిహేను రోజుల ముందే పోయింది. వెళ్లిపోయే రష్యా తన అనుచరుడికి ఒక దారి మిగిల్చింది. అమెరికా దగ్గర మిగల్చడానికి దారే లేదు. ఉన్నది ఆకాశమార్గం, దానికి కావలసిన మెకానిక్కులను కూడా వెంట తీసుకుపోయింది. విదేశీ కాంట్రాక్టర్లు మరమ్మతు చేస్తేగాని ఎగరలేని విమానాలతో అఫ్గాన్ వైమానిక దళాన్ని నిర్మించి, 2021 వేసవిలో ఆ కాంట్రాక్టర్లను ఖాళీ చేయించారు. కొండల మధ్య చౌకీల్లో ఉన్న సిపాయిలకు తూటాలు, రొట్టె చేరవేసేవాళ్లు కరువయ్యారు.

కాబూల్ పాలకుల అవినీతిని నేను తక్కువ చేసి చూపడం లేదు. లేని సిపాయిల పేర్ల మీద జీతాలు తిన్నారు, బ్యాంకులే మింగారు. కాని ఆ అవినీతిలో పెద్ద పాలు పైన చెప్పిన లారీల వెంటే, కాంట్రాక్టుల వెంటే వచ్చిందని మరిచిపోతే బొమ్మ సగమే కనిపిస్తుంది.

ఇక మన దేశం సంగతి. పాకిస్థాన్ మన సరుకును తన నేల మీదుగా అఫ్గానిస్థాన్‌కు పోనివ్వదు గనుక, భారత్ ఆ రెండో తలుపు తట్టింది. ఇరాన్ సరిహద్దున ఉన్న అఫ్గాన్ పట్టణం జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రహదారిని మన సరిహద్దు రహదారుల సంస్థ ఎడారిలో వేసింది. 2009 జనవరిలో అఫ్గాన్ ప్రభుత్వానికి అప్పగించింది. ఆ రోడ్డు మీద 6గురు భారతీయులు, 129మంది అఫ్గాన్లు దాడుల్లో ప్రాణాలు కోల్పోయారు. దాడులు రోడ్డు పనివాళ్లతో ఆగలేదు. 2006 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు చెందిన టెలికాం ఇంజినీరు ఒకరిని జాబుల్ రాష్ట్రంలో తాలిబన్లు అపహరించి, భారతీయులంతా వెళ్లిపోవాలని గడువు పెట్టి, రెండు రోజుల్లో చంపేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో గల్ఫ్‌కు, కాబూల్‌కు మనుషులను పంపే ఏజెంటు దుకాణం మూసి ఉండడం నాకింకా గుర్తుంది. జరంజ్ రోడ్డు విలువను దాని శత్రువులు మొదటినుంచీ గుర్తించారు. అమెరికా మాత్రం ఇరాన్ మీద ఆంక్షలు బిగిస్తూ, చాబహార్ రేవుకు 2018 నవంబరులో మినహాయింపు ఇచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

తాలిబన్లకు దారుల విలువ ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. 1994లో వాళ్ల మొదటి పెద్ద విజయమే, చమన్‌కు ఎదురుగా ఉన్న స్పిన్ బోల్దక్ దారి మీద లారీలను దోచే ముఠాలను తరిమికొట్టడం. 2021లోనూ రాజధానుల జోలికి వెళ్లకముందే సుంకాల గేట్లు పట్టుకున్నారు: జూన్‌లో తజిక్ సరిహద్దున షేర్ఖాన్ బందర్, జూలైలో ఇరాన్ వైపు ఇస్లాం ఖలా, వారం తిరక్కుండా పాకిస్థాన్ వైపు స్పిన్ బోల్దక్. ప్రభుత్వ ఖజానాకు వచ్చే సుంకం ఆ రోజు నుంచీ వాళ్ల జేబులోకి మళ్లింది. ఆ తర్వాత, ఆగస్టు 6న పడిపోయిన మొట్టమొదటి రాష్ట్ర రాజధాని ఏదో తెలుసా? జరంజ్.

వెనక్కి తిరిగి చూస్తే 2018 నాటి ఒక చిన్న ఘట్టం నా వాదనకు పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆ ఏడాది జనవరి 1న ట్రంప్, పదిహేనేళ్లలో 3,300 కోట్ల డాలర్లు ఇచ్చి మూర్ఖులమయ్యామని పాకిస్థాన్ మీద విరుచుకుపడి సైనిక సాయం నిలిపేశాడు. బుష్‌కూ ఒబామాకూ చేతకానిది ట్రంప్‌కు ఎలా చేతనైంది? తెగువ ఒక్కటే కారణమనుకోను. అప్పటికి అమెరికా సైన్యం సుమారు 14 వేలకు తగ్గింది. గేటు మూస్తారనే భయం తగ్గాకే మాట పెగిలింది. అయితే అదే ఏడాది మరో అవసరం పుట్టుకొచ్చింది. 2010 ఫిబ్రవరిలో కరాచీలో పాక్ అధికారులు పట్టుకుని ఎనిమిదేళ్లు నిర్బంధించిన తాలిబన్ నాయకుడు ముల్లా అబ్దుల్ ఘనీ బరాదర్‌ను అమెరికా కోరిక మీదే 2018 అక్టోబరులో విడిచిపెట్టారు; 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా దూత ఖలీల్‌జాద్ పక్కన కూర్చుని, అమెరికా సైన్యం వెళ్లిపోయే ఒప్పందం మీద సంతకం చేసింది ఆయనే. కాబూల్ ప్రభుత్వానికి ఆ గదిలో కుర్చీ వేయలేదు. లోపలికి రావడానికి ఎవరి గేటు కావలసి వచ్చిందో, బయటికి పోవడానికీ వాళ్ల చెరలోని మనిషే కావలసి వచ్చాడు.

2025 సెప్టెంబరు 18న ట్రంప్ బ్రిటన్‌లో ప్రధాని స్టార్మర్ పక్కన నిలబడి, కాబూల్‌కు దగ్గరి బగ్రామ్ వైమానిక స్థావరాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నామన్నాడు. చైనా అణ్వాయుధాలు చేసే చోటికి అది గంట దూరమట. ఆ ప్రకటన చదువుతూ నేను అడిగిన మొదటి ప్రశ్న, అక్కడి సైనికులకు డీజిల్ ఏ దారిన వస్తుందని. అక్టోబరు 7న మాస్కోలో సమావేశమైన దేశాలు దానికి జవాబిచ్చినట్టే అయింది: ఈ ప్రాంతంలో విదేశీ సైనిక వసతులు తమకు సమ్మతం కావని భారత్, పాకిస్థాన్, చైనా, రష్యా, ఇరాన్ ఒకే ప్రకటనలో చేరాయి. భారత్, పాకిస్థాన్ ఒకే కాగితం మీద ఒకే మాట చెప్పడం ఈ మధ్య నేను చూడలేదు.

ఆ వారం ముగిసేలోపే పాక్ సైన్యానికీ తాలిబన్లకూ సరిహద్దు పొడవునా కాల్పులు జరిగాయి. అక్టోబరు 12న తోర్ఖం, చమన్ గేట్లు మళ్లీ మూసేశారు. ఈసారి బయట నిలబడింది తాలిబన్ల దానిమ్మ, ద్రాక్ష లారీలు. నవంబరులో ముల్లా బరాదర్, ఇప్పుడు ఉప ప్రధాని హోదాలో, కాబూల్‌లో వర్తకులను పిలిచి, పాకిస్థాన్ దారిని నమ్ముకోవద్దనీ, వేరే దారులు వెతుక్కోవాలనీ చెప్పి, పాకిస్థాన్ మందుల వ్యాపారం చేసేవాళ్లు లెక్కలు తేల్చుకోవడానికి మూడు నెలల గడువిచ్చాడు.